కాపలా లేని మూడు తలుపులు

"రెండూ ఇరవైకి ఫైళ్ళు తెరిచావు. రెండూ నలభై ఒకటికి మూసినట్టుంది. మధ్యలో ఇరవై ఒక్క నిమిషాలు. ఏం చేశావమ్మా?"

గడియారమ్మ గొంతులో గద్దింపు లేదు. ఉండదు కూడా. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని, ఎవరు ఎన్నింటికి ఎవరితో మాట్లాడారో రాసిన మనిషి. గట్టిగా అడిగితే జనం బిగుసుకుంటారని, మెల్లగా అడిగితే వాళ్ళే నాలుగు మాటలు ఎక్కువ చెబుతారని ఆవిడకి అక్కడే తెలిసింది. రిటైరైన మర్నాడే రెండు గదులు అద్దెకి తీసుకుని డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టింది. పోలీసులు ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల గడియారమ్మ అంటారు. చివరికి వెనకాల మాటే స్థిరపడింది.

ఎదురుగా ఎత్తు స్టూలు మీద కూర్చున్నది ఈ ఆస్పత్రి స్కానింగ్ టెక్నీషియన్. ఇరవై ఏడేళ్ళుంటాయి. నిన్నటి నుంచీ నిద్రలేని కళ్ళు. గుమ్మం బయట కానిస్టేబుల్ గోడకి ఆనుకుని ఆవలిస్తున్నాడు.

నిన్న మధ్యాహ్నం ఆస్పత్రి సర్వర్లలోంచి నలభై ఒక్కమంది ఊపిరితిత్తుల స్కానులు మాయమయ్యాయి. అందరూ రాతిపొడి మిల్లులో పనిచేసేవాళ్ళే. రేపు పదింటికి మిల్లు మీద విచారణ. స్కానులుంటే మిల్లులో రాయి పొడిచేసే దుమ్ము హాలు మూతపడుతుంది, లేకపోతే ఆ నలభై ఒక్కమందీ మళ్ళీ ఆ దుమ్ములోకే వెళతారు. మళ్ళీ తీద్దామంటే మిల్లువాళ్ళు ఇప్పుడు పనివాళ్ళని ఆస్పత్రికి రానివ్వడం లేదు. నకళ్ళు నెలాఖరుకి గానీ తీయరు. మూడు ఆదివారాలు సెలవు మానుకుని ఆ స్కానులన్నీ తీసింది ఈ పిల్లే. చెరిపింది కూడా ఈ పిల్లేనని పోలీసుల మాట. నాలుగింటికి అరెస్టు. ఇప్పుడు టైము రెండూ యాభై.

"తెరిచింది నేనే మేడమ్," అంది టెక్నీషియన్. "మూసింది నేను కాదు. ఇరవై నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే అదే మూసుకుంటుంది."

"అంటే నువ్వు ఆఖరుసారి ముట్టుకున్నది రెండూ ఇరవై ఒకటికి. ఎందుకు తెరిచావు?"

"లెక్కపెట్టుకోడానికి. నలభై ఒకటీ ఉన్నాయో లేదోనని. రోజూ ఒకసారి లెక్కపెట్టుకుంటాను." కాస్త ఆగి, "మా నాన్నది పదిహేడోది," అంది.

గడియారమ్మ పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఈ పొద్దున్న ఏజెన్సీకి వచ్చినవాడు ఆ తండ్రే. పద్నాలుగు మెట్లెక్కడానికి నాలుగుసార్లు ఆగాడు. పైకొచ్చాక, "మా అమ్మాయి అలాంటి పని చేసే పిల్ల కాదండీ" అన్నాడు. అంతకుమించి మాట్లాడటానికి అతనికి ఊపిరి చాల్లేదు. గడియారమ్మ అప్పటికప్పుడు చెప్పులేసుకుని బయల్దేరింది.

"తర్వాత?"

"రెండూ ఇరవై ఆరుకి పేషెంటుని తీసుకొచ్చారు. ముసలావిడ. యంత్రంలోకి పంపబోతే భయపడి నా చెయ్యి వదల్లేదు. ఎలాగో ఒప్పించి మూడుసార్లు తీశాను. ఈ బటను నొక్కి పట్టుకునే ఉండాలి మేడమ్, వేలు తీస్తే స్కాను ఆగిపోతుంది."

గడియారమ్మ లేచి స్కానరు రిజిస్టరు చూసింది. అది యంత్రం తనంతట తాను రాసుకునేది, మనుషులు దిద్దలేరు. రెండూ ఇరవై తొమ్మిది, రెండూ ముప్ఫై మూడు, రెండూ ముప్ఫై ఎనిమిది. మూడుసార్లూ రెండేసి నిమిషాలు. కంప్యూటరు బల్ల బటనుకి పది అడుగుల దూరంలో ఉంది. నేల మీద అడుగులు వేసి మరీ కొలిచింది.

"మీ అన్నయ్యకి పోయిన వారం అదే మిల్లులో సూపర్‌వైజరు పని ఇచ్చారట. ఫైళ్ళు చెరిపినందుకు అది బహుమానం అంటున్నాడు ఇన్‌స్పెక్టరు."

"ఇచ్చారు. వాడు వద్దని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం వాళ్ళు ఇంకా తీసుకోలేదు." టెక్నీషియన్ కళ్ళు తుడుచుకుంది. "నేను జైలుకెళితే వెళ్ళాను మేడమ్. ఆ ఫొటోలు దొరుకుతాయా? అది చెప్పండి."

"ముందు నువ్వు నీళ్ళు తాగు," అంది గడియారమ్మ.

*

వరండాలో ఇన్‌స్పెక్టరు ఎదురయ్యాడు. గడియారమ్మకి స్వయానా చెల్లెలి మొగుడు. ఇంట్లో పెద్దరికం ఆవిడది, వీధిలో అధికారం ఆయనది. ఈ రెండూ ఎప్పుడు ఒకచోట కలిసినా నిప్పూ పెట్రోలే.

"వదినా! నిందితురాలితో మాట్లాడాలంటే నన్ను అడగాలి."

"అడుగుదామనే వచ్చాను. ఇందాక రెండూ ముప్ఫై ఎనిమిదికి నువ్వు టీకి వెళ్ళావు. గ్లాసు కడిగిచ్చి వచ్చేదాకా నేరస్థులు ఆగుతారు కానీ నేనాగలేను."

"మీ టెలిఫోను రోజులు కావివి. ఇది కంప్యూటరు కేసు." ఇన్‌స్పెక్టరు చంకలోంచి ఓ కాగితం తీసి ఆవిడ ముక్కు ముందు ఆడించాడు. "చూడండి. ఆ ఫోల్డరుని ఎవరు ముట్టుకున్నా సర్వరు లైను రాస్తుంది. ఎవరు, ఎన్నింటికి, ఏం చేశారు. నిన్న ఒంటిగంట నుంచి మూడింటిదాకా రెండే పేర్లు. రెండూ ఇరవైకి ఈ అమ్మాయి. రెండూ నలభై ఐదుకి సూపరింటెండెంటుగారు. ఆయన తెరిచేసరికి ఖాళీ. పాపం, ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."

గడియారమ్మ కాగితం అందుకుని కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"తెరిచింది. నలభై ఒకటీ చదివింది. మూసుకుంది." కాగితం తిప్పి వెనకవైపు కూడా చూసింది. "చెరిపిన లైనేదీ?"

"ఆఁ?"

"ఎవరు ఏం చేసినా రాస్తుందన్నావు. చెరిపితే చెరిపారనీ రాయాలిగా? లోపలికొచ్చింది, చూసింది, వెళ్ళింది అని మాత్రమే ఉంది."

"ఆ లైను తుడిచేసి ఉంటుంది. తెలివైన పిల్ల."

"చేసిన నేరం తుడుచుకోగలిగిన పిల్ల తన పేరు మాత్రం అట్టే పెట్టిందా? ఇల్లు దోచినవాడు వేలిముద్రలు తుడిచేసి, బల్లమీద అడ్రసు రాసి వెళతాడా మరిదిగారూ?"

'మరిదిగారూ' అని 'గారు' తగిలించిందంటే ఆవిడ ఎగతాళి చేస్తోందని ఇన్‌స్పెక్టరుకి పద్దెనిమిదేళ్ళ అనుభవం. చెవులు ఎర్రబడ్డాయి.

"అవన్నీ కోర్టులో తేలతాయి. మూడున్నరకి సర్వర్లన్నీ ఆపించి సీలు వేస్తున్నా. పొద్దున్నే అందరి అధికారాలూ పీకించి, మాస్టర్ పాస్‌వర్డు ఒక్క సూపరింటెండెంటుగారి చేతిలో పెట్టించా. ఇంక ఎవరూ వేలు పెట్టలేరు."

"సీలు వేసేలోపు ఆ గది నేనూ ఒకసారి చూస్తాను."

"చూడండి. చలికోటు తెచ్చుకున్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, గెలిచినవాడి ఉదారత్వంతో.

*

సర్వరు గదిలో నిజంగానే వణుకు పుట్టించే చలి. ఫోన్లు బయట డబ్బాలో పెట్టి వెళ్ళాలన్నది ఆ గది నియమం, పోలీసైనా సరే. లోపల మనిషెత్తు బీరువాల్లా నాలుగు సర్వర్లు, వాటి వెనక డిస్కుల పెట్టె. గోడకి ఎర్ర పిడి ఒకటి. అది కిందికి లాగితే మొత్తం ఆగిపోతుంది.

వాటిని చూసుకునే ఆయన్ని ఆస్పత్రిలో చిన్నా పెద్దా అంతా 'సర్వర్ల బాబాయ్' అంటారు. యాభై దాటిన మనిషి. ఊదారంగు స్వెట్టరు, మోచేతుల దగ్గర చిరుగులు. ఇద్దరినీ చూడగానే లేచి నిలబడి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నిన్న ఒంటిగంటకి డిస్కుల్లో ఖాళీ ఎంత బాబాయ్‌గారూ?" అంది గడియారమ్మ, వచ్చీరాగానే.

ఆయన తెర మీద చూపించాడు.

"మూడింటికి?"

మళ్ళీ చూపించాడు. చుక్క తేడా లేదు.

"బీరువాలోంచి నలభై ఒక్క దుప్పట్లు తీసేస్తే అర ఖాళీ కనబడాలి కదా మరిదీ! ఖాళీ పెరగలేదంటే ఫైళ్ళు చెరగలేదు. ఇక్కడే ఇంకో అరలో ఉన్నాయి."

ఇన్‌స్పెక్టరు నోరు తెరిచాడు. సర్వర్ల బాబాయ్ మాత్రం తల దించుకున్నాడు. ఆశ్చర్యపోవాల్సిన చోట ఆయన ఆశ్చర్యపోలేదు. గడియారమ్మ ఆ సంగతి మనసులో రాసుకుంది, పైకి అనలేదు.

"దొరికాయన్నమాట!" ఇన్‌స్పెక్టరు గోడమీది ఇంటర్‌కం ఎత్తాడు. "సూపరింటెండెంటుగారేనా? శుభవార్త సార్. ఫైళ్ళు చెరగలేదు, ఎక్కడో దాచారు... అవునండీ, ఈ డిస్కుల్లోనే. మీరు బెంగ పెట్టుకోకండి."

"ఆగరాదూ!" అంది గడియారమ్మ. అప్పటికే ఆయన పెట్టేశాడు.

"శుభవార్త చెప్పడానికి కూడా మీ అనుమతి కావాలా వదినా?"

టైము మూడూ పద్దెనిమిది. ఆవిడ పెదవి కొరుక్కుని, మళ్ళీ సర్వర్ల బాబాయ్ వైపు తిరిగింది.

"ఈ కాగితం ఏ సర్వరు రాసింది?"

"మొదటిది మేడమ్."

"మిగతా మూడూ?"

"ఇది క్లస్టరు మేడమ్. సర్వర్లు నాలుగైనా డిస్కులు ఒకటే. ఒకటి పాడైతే ఇంకోటి పని చేస్తుందని ఇలా కడతారు. ఎందులోంచి వెళ్ళినా అవే ఫైళ్ళు."

"గోడౌను ఒకటి, తలుపులు నాలుగు."

"అంతే."

"మూడో తలుపులోంచి ఎవరైనా వెళితే మొదటి తలుపు దగ్గర కూర్చున్న కాపలావాడికి కనిపిస్తాడా?"

"కనిపించడు. ఏ సర్వరైనా తనలోంచి జరిగిందే చూడగలదు. ఫైళ్ళు ఒకటే కదా, కాపలా ఒకటి చాలని మొదట్లో అనుకున్నాం. పొరపాటని పోయిన నెల తెలిసింది. మిగతా మూడింటికీ కాపలా పెట్టాను. అవీ రాస్తున్నాయి. కానీ వాటి రాతలు తెచ్చి ఒకచోట చూపించే పని ఇంకా పూర్తవలేదు. ఎక్కడివక్కడ మెమరీలోనే ఉన్నాయి."

"అంటే నేను చూసింది నాలుగో వంతు సాక్ష్యం," అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా.

"సర్వర్లు ఆపితే ఆ రాతలేమవుతాయి?" అంది గడియారమ్మ.

"పోతాయి మేడమ్. మెమరీ కదా."

ఆవిడ ఎర్ర పిడి వైపు చూసింది, తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు. ఆయన జేబులోంచి సీలు లక్క తీసి పట్టుకుని ఉన్నాడు.

"మూడున్నరకి ఆపాలని ఆర్డరు వదినా. సంతకం అయిపోయింది."

"ఆర్డరు మీద సంతకం నీదేగా? నువ్వు రాసుకున్న టైముని నువ్వు దిద్దుకోలేవూ? ఒక ఆడపిల్ల బతుకు మరిదీ. నాలుగు తలుపుల ఇంట్లో ఒక తలుపు చూసి ఆ పిల్లని దొంగ అన్నావు."

"అనడం వేరు, కాగితం వేరు. కాగితంలో ఆ అమ్మాయి పేరే ఉంది!"

"మిగతా మూడు కాగితాలు చూసి అప్పుడు కేకలెయ్యి."

చివరికి ఇన్‌స్పెక్టరు లక్క జేబులో పెట్టేశాడు. "నాలుగింటిదాకా ఆపుతాను. ఇంటికెళితే మీ చెల్లెలికి జవాబు చెప్పుకోవాల్సింది నేనేగా." ఇంటర్‌కం ఎత్తి, సీలు వేసేటప్పుడు ఉండాలి గనక టెక్నీషియన్‌ని ఇక్కడికే తీసుకురమ్మని స్కానింగ్ గది దగ్గరున్న కానిస్టేబుల్‌కి చెప్పాడు.

రెండో సర్వరు రాతల్లో ఆ ఫోల్డరు ఊసే లేదు. మూడోది తెర మీదకి వచ్చింది.

రెండూ ముప్ఫై నాలుగు. నలభై ఒక్క ఫైళ్ళు. చెరపలేదు, చోటు మార్చారు. ఎక్కడికి? 'మరణించినవారు' అనే ఫోల్డరుకి.

టెక్నీషియన్ అప్పుడే లోపలికి వచ్చి నిలబడింది. ఆ మాట చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకా దగ్గుతూ, తింటూ, డ్యూటీకి వెళుతున్న నలభై ఒక్కమంది చనిపోయినవాళ్ళ మధ్య పడుకుని ఉన్నారు. అందులో పదిహేడోవాడు వాళ్ళ నాన్న.

"ఎవరి పేరుతో జరిగింది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మరమ్మతు లాగిన్ సార్. ఈ విభాగంలో ముగ్గురికీ, సూపరింటెండెంటుగారికీ తెలుసు."

"స్కానింగ్ వాళ్ళకి?"

"తెలియదు."

"తెలిసినా చేతులెక్కడివి?" అంది గడియారమ్మ. "రెండూ ముప్ఫై మూడు నుంచి ముప్ఫై ఐదు దాకా ఈ పిల్ల బటను నొక్కి పట్టుకుని ఉంది. యంత్రం రాసుకున్న రిజిస్టరు కింద ఉంది, నువ్వే వెళ్ళి చూసుకో."

ఇన్‌స్పెక్టరు తెర దగ్గరికి వంగి ఆ లైను మూడుసార్లు చదివాడు. మంచివాడే కానీ తొందరపాటు మనిషి. తప్పు తెలిశాక దాన్ని కాళ్ళకింద కప్పెట్టుకునే రకం మాత్రం కాదు. "నేను చూశాను సరే," అన్నాడు. "నా కళ్ళు కోర్టులో చెల్లవు వదినా. ఈ రాతలు కావాలి. డిస్కులోకి దింపండి."

"అధికారాలు పీకేశారుగా సార్. పేజీ పేజీ దింపాలి. ఇరవై నిమిషాలు పడుతుంది."

"దింపండి. ఈలోగా నాలుగో సర్వరు కూడా చూపించండి."

సర్వర్ల బాబాయ్ పక్క తెర మీద నాలుగో సర్వరు తెరిచాడు. నిన్న ఆ ఫోల్డరుని ముట్టుకున్న రాతలేవీ అందులో లేవు. తెర అడుగున కొత్త లైన్లు పడుతున్నాయి, ఒకదాని కింద ఒకటి. వాటి పక్కన టైము మూడూ ముప్ఫై ఆరు.

అంటే ఇప్పుడు.

గుండె విభాగం తెరిచారు, చూశారు, మూశారు. ఎముకల విభాగం తెరిచారు, చూశారు, మూశారు. కంటి విభాగం.

"ఎవరో వెతుకుతున్నారు. దొరికితే చెరిపేస్తారు," అంది టెక్నీషియన్.

"ఏ పేరుతో?"

"మాస్టర్ పాస్‌వర్డు," అన్నాడు సర్వర్ల బాబాయ్.

పొద్దున్న ఆ పాస్‌వర్డు ఎవరి చేతిలో పెట్టించాడో, పావుగంట కింద ఇంటర్‌కంలో శుభవార్త ఎవరికి చెప్పాడో ఎవరూ ఇన్‌స్పెక్టరుకి గుర్తు చెయ్యక్కర్లేదు. దొంగ చేతికి తాళాలిచ్చి, గది ఎటో కూడా తనే చూపించాడు.

"ఆయన ఆస్పత్రి పెద్ద వదినా," అన్నాడు నీరసంగా. "కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు."

"కంచే చేను మేస్తే ఎవరు మాత్రం ఏం చేస్తారు. మిల్లు పెద్దలు ఈ ఆస్పత్రి బోర్డులో ఉన్నారని నేనూ ఈ మధ్యాహ్నమే విన్నాను. నిన్ను నువ్వు తిట్టుకోవడం తర్వాత. ఫోను ఎత్తు."

ఇంటర్‌కం మోగుతూనే ఉంది, అవతల ఎవరూ తీయలేదు. గుమ్మంలో ఉన్న కానిస్టేబుల్ పరుగెత్తాడు. సూపరింటెండెంటు గది అవతలి బిల్డింగులో, మూడో అంతస్తులో. ఎంత పరుగెత్తినా ఆరు నిమిషాలు.

చర్మవ్యాధులు. తెరిచారు, మూశారు.

"ఇంకెన్ని ఫోల్డర్లున్నాయి?"

"మూడు. నరాలు, పిల్లలు, మరణించినవారు."

"మళ్ళీ చోటు మార్చెయ్యండి!"

"నాకు చూడ్డానికే అధికారం ఉంది సార్, ముట్టుకోడానికి లేదు. మీరే తీయించారు."

నరాల విభాగం. తెరిచారు.

గడియారమ్మ చెయ్యి ఎర్ర పిడి వైపు వెళ్ళి సగంలో ఆగింది. ఇన్‌స్పెక్టరు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు వదినా! రాతలు సగం కూడా దిగలేదు, నిన్నటి పేజీ ఇంకా రానేలేదు. ఇప్పుడాపితే ఈ అమ్మాయి తప్పు చెయ్యలేదన్న రుజువు మొత్తం పోతుంది. మళ్ళీ మొదటి తలుపు కాగితం ఒక్కటే మిగులుతుంది. దాంట్లో ఈ పిల్ల పేరే ఉంది!"

ఇందాక ఆపుతానన్నది ఆయన, వద్దన్నది ఆవిడ. ఇప్పుడు ఇద్దరి మాటలూ తారుమారయ్యాయి. గడియారమ్మకి నవ్వు రాలేదు. జీవితంలో ఎన్నో టైములు లెక్కకట్టింది కానీ, ఒక మనిషి బతుకుకీ నలభై ఒక్కమంది ఊపిరికీ మధ్య ఎన్ని క్షణాలున్నాయో ఎప్పుడూ లెక్కపెట్టాల్సి రాలేదు. చెయ్యి ముందుకీ వెళ్ళలేదు, వెనక్కీ రాలేదు.

"ఆపితే ఫొటోలుంటాయా మేడమ్?" అంది టెక్నీషియన్.

అబద్ధం చెప్పాలనిపించింది ఆవిడకి. చెప్పలేకపోయింది. "ఉంటాయి తల్లీ. డిస్కుల్లో ఉన్నవి ఎక్కడికీ పోవు. నీ సాక్ష్యం పోతుంది."

"నలభై ఒకటీ ఉంటాయా?"

"నలభై ఒకటీ."

పిల్లల విభాగం. తెరిచారు. చూశారు. మూశారు.

టెక్నీషియన్ ఇద్దరి మధ్యనుంచీ వచ్చి రెండు చేతులతో ఎర్ర పిడి కిందికి లాగింది.

ఫ్యాన్లు ఒక్కొక్కటే దిగజారి ఆగిపోయాయి. తెరలు నల్లబడ్డాయి. గోడ గడియారం మాత్రం బ్యాటరీ మీద నడుస్తోంది. మూడూ ముప్ఫై తొమ్మిది.

ఆ పిల్ల పిడి వదలకుండా అలాగే నిలబడి, "నాలుగయ్యాక వెళ్దామా సార్, ఇప్పుడే వెళ్దామా? నాన్నకి ఒకసారి కబురు పెట్టనిస్తారా?" అని అడిగింది. ఇన్‌స్పెక్టరు మొహం తిప్పుకున్నాడు. యూనిఫాం వేసుకుని ఏడవకూడదు కదా.

"నా దగ్గర ఒక్క కాగితమే ఉందమ్మా," అన్నాడు ఎటో చూస్తూ. "నా డ్యూటీ..."

"ఆ అమ్మాయిని తీసుకెళ్ళకండి."

సర్వర్ల బాబాయ్ అన్నాడా మాట. అప్పటిదాకా నిలబడే ఉన్న మనిషి ఇప్పుడు కూలబడినట్టు నేల మీదే కూర్చున్నాడు.

"మూడో తలుపులోంచి వెళ్ళింది నేను."

గడియారమ్మ ఆయన పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. "తెలుసు. మీరే చెప్పాలని చూస్తున్నాను."

"నిన్న రెండూ అయిదుకి సూపరింటెండెంటుగారు బయటి లైను మీద ఫోను చేశారు. ఆ నలభై ఒకటీ తీసెయ్, మరమ్మతులో పొరపాటున పోయాయని నేను చూసుకుంటానన్నారు. కాదనే ధైర్యం లేకపోయింది. చెరపడానికి చేతులు రాలేదు. ఎవరూ వెతకరని చనిపోయినవాళ్ళలో కలిపేశాను. పని అయిపోయిందండీ అని చెప్పాను. రేపు తెల్లారగానే తెచ్చి యథాస్థానంలో పెట్టేద్దామనుకున్నా." ఆయన టెక్నీషియన్ వైపు చెయ్యి చాచాడు, అందలేదు. "మొదటి తలుపులో నీ పేరొక్కటే మిగులుతుందని నాకు తట్టలేదు తల్లీ. తట్టాక నోరు పెగల్లేదు. రాత్రంతా పడుకోలేదు."

"నేనూ పడుకోలేదు బాబాయ్," అంది ఆ పిల్ల. ఆయన మొహం రెండు చేతుల్లో దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. గడియారమ్మకి ఆయన మీద కోపం రావాలి. వచ్చింది కూడా, జాలి వెనకాలే నిలబడి.

"భయపడటం తప్పు కాదు," అంది ఆయన భుజం మీద చెయ్యి వేసి. "ఆ భయాన్ని ఈ పిల్ల నెత్తిన పెట్టారు చూడండి, అది తప్పు. ఇప్పుడు దింపారు. ఇదే మాట రేపు విచారణలో చెబుతారా?"

"చెబుతాను. ఫోను వచ్చిన టైము కూడా చెబుతాను."

"ఆ టైము ఎక్స్ఛేంజిలో ఉంటుంది," అంది గడియారమ్మ. "నా పాత కుర్చీలో కూర్చున్నవాళ్ళు అడగ్గానే తీసిస్తారు. టెలిఫోను రోజులు పోలేదు మరిదీ."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్లమీద పెట్టి, తెల్లకాగితం లాక్కుని, సర్వర్ల బాబాయ్ చెప్పిందంతా ఒక్కొక్క ముక్కే అడిగి రాసుకున్నాడు. రాయడం అయ్యాక కింద తన సంతకమూ పెట్టాడు, నేనూ తెర మీద చూశానని ఒక వాక్యం చేర్చి. మొదటి తలుపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మూడూ నలభై తొమ్మిది అయింది.

బయట వరండాలో అడుగుల చప్పుడు. రెండు జతలు. ముందుది నెమ్మదిగా, నిబ్బరంగా. వెనకది రొప్పుతూ వస్తున్న కానిస్టేబుల్‌ది. తలుపు మీద మూడుసార్లు మర్యాదగా తట్టారు.

"ఇన్‌స్పెక్టరుగారూ, సర్వర్లు ఆగిపోయాయేమిటి?" సూపరింటెండెంటు గొంతు తేనె పూసినట్టుంది. "ఏం కంగారు లేదు, నేను వచ్చానుగా, మళ్ళీ వేయిస్తాను. ఆ అమ్మాయిని తీసుకెళ్ళిపోయారా?"

టెక్నీషియన్ రెండడుగులు వెనక్కి వేసి ఎర్ర పిడికి వీపు ఆనించి నిలబడింది. ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకున్నాడు. గడియారమ్మ వైపు ఒకసారి చూసి, తనే వెళ్ళి గడియ తీశాడు.

"లేదండీ," అన్నాడు. "మీ కోసమే ఆగాం."